నిలువు తలకట్టు, వాలు తలకట్టు

మొన్న మనవరాలి పెళ్లికార్డు కోసం సూర్యాపేట బస్టాండు పక్కనున్న డి.టి.పి. సెంటరుకు వెళ్లాం. కంప్యూటరు ముందున్న మనిషి గోడకు అంటించిన చార్టు చూపించి, ఇవి సాదా అక్షరాలు, ఇవి డిజైనువి, ఇవి చేతిరాతవి, మూడే రకాలు, ఏది కావాలో చెప్పండి అన్నాడు. మూడు ముక్కల్లో తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మూడు రకాలని నీకు ఎవరు చెప్పారయ్యా, దేన్ని చూసి విడదీశావు, లావునా, వంపునా, తలకట్టునా అని అడిగాను. ఆయన తెల్లమొహం వేశాడు. మనవరాలు నా మోచేయి పట్టుకుని ఊరుకోమంది.

ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోవడం లేదు. అక్షరాలను జాతులుగా విడదీయమని నన్ను ఒకసారి ఒక మనిషి కూర్చోబెట్టాడు. ఆ విడదీత మీద మా తమ్ముడి ప్రాణం ఆధారపడి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, నా ఎదురుగా నిలబడ్డ మా ఆయనకు తెలుసు. విడదీయమన్న వాడికి మాత్రమే ఇంకా తెలియదు.

అది నలభైల చివర. దేశానికి స్వరాజ్యం వచ్చిందని విన్నాం గానీ మా దాకా రాలేదు, మాకింకా పట్నంలోని నవాబు సర్కారే. మా ఇంటి ముందుగదే ప్రెస్సు. కాలితో తొక్కే ట్రెడిల్ ఒకటి, పేజీలు బిగించుకునే బండ ఒకటి, సీసపు అక్షరాల కేసులు కొన్ని. కేసు అంటే చిన్నచిన్న గళ్లున్న చెక్కపళ్లెం, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, ఒక్కో వత్తు. మా ఆయన అక్షరాలు కూర్చేవాడు. అచ్చయ్యాక వాటిని విడగొట్టి మళ్లీ ఏ గడిలోది ఆ గడిలో వేయడం నా పని. నేను బడికి పోలేదు. కాపురానికి వచ్చాకే ఆ సీసపు ముక్కల మీద చదువు నేర్చుకున్నాను, అదీ తిరగేసి. అచ్చు అక్షరం అద్దంలో చూసినట్టు ఎడమది కుడిగా ఉంటుంది కదా. కాగితం మీది సరైన అక్షరం నాకు చాలాకాలం తప్పుగా కనిపించేది.

మా చుట్టుపక్కల తెలుగు అచ్చు వేసేవి అప్పుడు మూడే ప్రెస్సులు. సూర్యాపేటలో మాది, కోదాడలో మా తమ్ముడిది, మిర్యాలగూడలో ఒక ముసలాయనది. మూడింటి అక్షరాలూ మూడు తీర్లు. మావి మద్రాసులో పోసినవి. నిటారుగా నిలబడతాయి, గీత అంతా ఒకే లావు, తలకట్టు పొట్టిగా నెత్తిమీద కుదురుగా ఉంటుంది. తమ్ముడివి బెజవాడ నుంచి తెచ్చుకున్న కొత్త సరుకు. గీత ఒకచోట సన్నం, ఒకచోట లావు. తలకట్టు పక్కకు వాలి కొస సాగి ఉంటుంది. మిర్యాలగూడవి పొట్టి బొద్దు అక్షరాలు, మిల్లు చీట్లు అచ్చేసి అచ్చేసి అంచులు అరిగిపోయినవి.

మా ఆయనకూ తమ్ముడికీ ఈ తలకట్ల మీదే మాటలు పోయాయి. వినేవాళ్లకు నవ్వులాటగా ఉంటుంది, మధ్యలో నలిగిన నాకు కాదు. కొత్త అక్షరాలు వచ్చిన రోజుల్లో తమ్ముడు మురిపెంగా కొన్ని తెచ్చి బావ చేతిలో పెట్టాడు. మా ఆయనకు అప్పటికే చూపు మసక. ఏ అక్షరమైనా బొటనవేలితో మొహం తడిమి గుర్తుపట్టేవాడు. అలాగే తడిమాడు.

"తాగినోని నడక లెక్కున్నది. అక్షరం నిలబడాలె బామ్మర్దీ."

"నిలబడితే సాలదు బావా, నడవాలి."

అంతే. ఆ తర్వాత పండక్కి వచ్చినా ఒకరు అరుగు మీద, ఒకరు పెరట్లో. ఇద్దరికీ విడివిడిగా వడ్డించి, ఇద్దరినీ తిట్టుకుంటూ తిరిగేదాన్ని. వాలు అక్షరం ఒక్కటి కూడా తన గడప తొక్కకూడదని మా ఆయన పంతం పట్టాడు.

అయితే ప్రెస్సుల మధ్య ఒక ఆనవాయితీ ఉండేది. పని మధ్యలో ఏ అక్షరమైనా నిండుకుంటే పక్క ఊరి ప్రెస్సు చేబదులు ఇవ్వాలి. గుడ్డలో మూటగట్టి బస్సు డ్రైవరు చేతికిస్తే చేరిపోయేది. పనయ్యాక అవే అక్షరాలు అలాగే తిరిగొచ్చేవి. తీరు కలవకపోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా ఆయన మిర్యాలగూడ ముసలాయనకు ఇచ్చేవాడు, తమ్ముడికి ఇచ్చేవాడు కాదు. నేను ఇచ్చేదాన్ని, ఆయనకు చెప్పకుండా. ఆ ఎండాకాలం 'వ' వత్తులు కావాలని తమ్ముడు కబురు పెడితే గడిలో ఉన్నవన్నీ ఊడ్చి పంపాను. ఏ పనికని అడగలేదు. పెళ్లిళ్ల రోజులు, పెళ్లి పనే అనుకున్నాను.

ఏ పనో గోడల మీద చూశాను. ఇటు చివ్వెంల, అటు చిలుకూరు దాకా కాగితాలు అంటించారు. సర్కారుకు లెవీ గింజలు ఇవ్వకండి, బండి ఇవ్వకండి, ఎడ్లను ఇవ్వకండి, మనిషిని ఇవ్వకండి. వరసకొక 'ఇవ్వకండి'. ఎవరి దగ్గరున్న 'వ' వత్తులూ చాలని కాగితం అది. మా వీధి గోడ మీద దాన్ని దగ్గరికి పోయి చూశాను. అక్షరాలన్నీ తమ్ముడి వాలు తలకట్లు. వాటి కింద పొట్టి తోకలతో నిటారుగా మా వత్తులు.

భయం కంటే ముందు కోపం వచ్చింది. తమ్ముణ్ణి అంతకుముందే ఒకసారి పోలీసులు పట్టుకుపోయి మోకాలు విరగ్గొట్టి పంపారు. ఈసారి తీసుకుపోతే వాడు మళ్లీ ఇంటికి రాడని కోదాడలో అందరికీ తెలుసు, వాడికి తప్ప. నా చేతి వత్తులు నాకు చెప్పకుండా దీనికి వాడతాడా అని పళ్లు కొరుక్కుంటూ ఇంటికొచ్చి, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

కాగితం ఎవరు వేశారో పట్టుకునే పని మా ఊరి అమీనుకు, అంటే పోలీసు అధికారికి, అప్పగించారు. అరిచే మనిషి కాదు. మెత్తగా మాట్లాడేవాడు, మర్యాదగా కూర్చునేవాడు. అందుకే మాకు ఎక్కువ భయం. తెలుగు చదవడం రాదు గానీ ఆయన తండ్రి ఉర్దూ రాతగాడట, ఒక రాత చూసి ఎవరి చెయ్యో చెప్పే విద్య ఇంట్లోనే చూసి పెరిగాడు. అచ్చులో కూడా జాతులుంటాయని వేరే ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు. మూడు ప్రెస్సుల నుంచీ వాళ్ల వాళ్ల అక్షరాలన్నీ ఒక కాగితం మీద అచ్చు వేయించి తెప్పించాడు. ఆ మూడు కాగితాలూ, గోడ కాగితమూ మా బండ మీద పరిచాడు. నీకు పని తెలుసు, ఇది ఎవరి జాతో విడదీసి పెట్టు, శుక్రవారం నమాజు అయినంక వస్తా అని మా ఆయనకు చెప్పాడు. తేలకపోతే మూడు ప్రెస్సులకూ తాళం, ముగ్గురికీ బేడీలు.

అమీను వెళ్లాక మేమిద్దరం బండకు అటొకరు ఇటొకరు కూర్చున్నాం. గోడ కాగితం ఏ ఊరిదో మా ఆయనకు తెలియదని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వాలు తలకట్టు ఆయన పగ. మసక కళ్లకు కూడా అది కనబడుతుంది. వత్తుల సంగతి మాత్రం గమనించలేదనుకున్నాను.

చివరికి ఆయన, ఇవి మన అక్షరాలు కావని చెబితే మనం బయటపడతాం అన్నాడు. మరి ఎవరివని అడగడా అన్నాను. బొటనవేలు చూపుడువేలికి రుద్దుకుంటూ కూర్చున్నాడు. అది చూసి నాకు తిక్కరేగింది.

"మీరు నా తమ్ముని పేరు జెప్పిన్రంటే, ఈ ఇంట్ల ఇగ నేనుండ."

"నేను జెప్తనన్ననా?"

అనలేదు నిజమే. చెప్పనని కూడా అనలేదు. ప్రెస్సంటే ఆయనకు ప్రాణం. అది పోతుందంటే ఈ మనిషి ఏం చేస్తాడో నాకు అంతు చిక్కలేదు. ఇన్నేళ్లు కాపురం చేసి ఈ ఒక్క సంగతి తెలియదా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ మూడు కాగితాలను చూసి చూసి నాకే ఒక ఉపాయం తోచింది. విడదీయడమంటే దేన్ని చూసి అన్నదే కదా అసలు సంగతి. తలకట్టు చూస్తే గోడ కాగితం కోదాడ పక్కకు పోతుంది. కానీ ఆ కాగితం గోడకు పూసిన జిగురులో తడిసి ఉబ్బింది, గీతల్లో సన్నమూ లావూ కలిసిపోయాయి. గీత లావును చూస్తే మా పక్కకు వస్తుంది. తొందరలో సిరా ఎక్కువ పూశారు, అంచులు అలుక్కుపోయాయి. అంచుల అరుగుదల చూస్తే మిర్యాలగూడ పక్కకు పోతుంది. మూడు రకాలుగా విడదీస్తే మూడు ఊళ్లు తేలతాయి. మూడు ఊళ్లు తేలాయంటే ఏదీ తేలనట్టే. ఇది చెప్పగానే మా ఆయన మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు. సరే అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం అమీను వచ్చాడు. వెంట ఇద్దరు జవాన్లు, వాకిట్లో నిలబడ్డారు. మా ఆయన మేము అనుకున్నట్టే కాగితాలు జరిపి చూపించాడు. ఒకసారి లావును బట్టి, ఒకసారి అరుగుదలను బట్టి, చివరికి తలకట్టును బట్టి. గొంతు బాగానే నిలబడింది. అమీను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా విన్నాడు, మంచిగ చెప్పినవ్ అన్నాడు. గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు ఆయన జేబులోంచి ఒక రుమాలు తీసి బండ మీద విప్పాడు. మూడు ప్రెస్సుల కేసుల్లోంచి పిడికెడు చొప్పున తెప్పించిన సీసపు అక్షరాలు, కలగలిపి ఉన్నాయి. మా ఆయన వైపు కాదు, తలుపు పక్కన నిలబడ్డ నా వైపు చూశాడు.

"కాయితం మీద మాటలు శానా చెప్పొచ్చు. అమ్మా, నువ్వు రా. వీటిని జాతులుగ పెట్టు. మాట్లాడకు, ఊకె పెట్టు."

వెళ్లి కూర్చున్నాను. ఏం చేయాలో నాకు తెలుసు. తప్పుగా పెట్టాలి. ఈ ఆడమనిషికి అక్షరాల తేడా తెలియదు అనిపించాలి. మొదటి అక్షరం కోదాడది, తీసుకెళ్లి మావాటి పక్కన పెట్టాను. రెండోదీ అలాగే పెట్టాను. మూడోది తీసి అటూ ఇటూ తిప్పాను. ఒక్కో అక్షరానికీ ఆలోచించాలి, ఇది ఎక్కడిదో చూసి, అక్కడ కాకుండా ఇంకోచోట. ఆ ఆలస్యాన్ని ఆయన చూస్తున్నాడు. రోజంతా చేతులు వాటంతట అవే చేసే పని అది. మనసును తప్పు మీద పెడితే చేతులు ఆగుతున్నాయి. ఆగకూడదని తొందరపడితే చేతులు వాటి దారిన అవి పోతున్నాయి. వాకిట్లో ఒక జవాను దగ్గాడు. నేను అటు చూశాను, చేతులు మాత్రం ఆగలేదు. మళ్లీ ఇటు తిరిగేసరికి బండ మీద మూడు కుప్పలు ఉన్నాయి. నిలువువి, వాలువి, బొద్దువి. మొదట తప్పుగా పెట్టిన రెండూ కూడా ఎప్పుడు జరిపానో, వాటి కుప్పలో అవి ఉన్నాయి.

నా చేతులను ఆ బండకేసి కొట్టుకుందామనిపించింది.

అమీను భూతద్దం తీశాడు. వాలు కుప్పలోంచి ఒకటి తీసి గోడ కాగితం మీద పెట్టి చూశాడు, తల ఊపాడు. కోదాడ అన్నాడు. ఇంకాసేపు చూసి భూతద్దం ఒక్కచోట ఆపాడు. నిలువు కుప్పలోంచి వేరే అక్షరం వత్తు ఒకటి తీసి దాని పక్కన పెట్టి, తోకా తోకా పోల్చాడు. ఈ తోకలు మాత్రం సూర్యాపేటవి అన్నాడు. ఒక కాగితంలో రెండు ఊళ్ల అక్షరం ఉందంటే ఒకరు ఇంకొకరికి ఇచ్చారు. ఇచ్చినవాడితో నాకు పనిలేదు, వేసినవాడు కావాలి, ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు అని మెత్తగా అడిగాడు.

నేను పంపానని చెబితే తమ్ముడు పోతాడు. పంపలేదంటే మా వత్తులు అక్కడికి ఎలా పోయాయి? మా ఆయన వైపు చూడటానికి కూడా భయమేసింది. ఇప్పుడు ఆయన ఒక్క ఊరి పేరు చెబితే చాలు, ప్రెస్సు దక్కుతుంది.

"అది నేనే ఏసిన సాబ్," అన్నాడు మా ఆయన. "నా అక్షరం గుర్తుపడ్తరని కోదాడ అక్షరాలు చేబదులు తెప్పిచ్చిన. పెండ్లి పనని జెప్పిన, బామ్మర్దికి ఎరుకలేదు. వత్తులు వాని దగ్గర సాలకపాయె, అవొక్కటి నావి ఏసిన."

అమీను ఆ వత్తులు చూపించమన్నాడు. మా ఆయన తడుముకోకుండా కేసు దగ్గరికి నడిచి 'వ' వత్తు గడి మీద వేలు పెట్టాడు. భయపడి మూసీలో పారేశాను, ఖాళీగా ఉంది చూసుకోండి అన్నాడు. ఆ గడి ఖాళీ అయిందని ఆయన ఎప్పుడో చూశాడన్నమాట. ఎక్కడికి పోయాయో, ఎవరు పంపారో, అన్నీ తెలిసే ఇన్నాళ్లూ నన్ను ఒక్క మాట అడగలేదు.

అమీను నవ్వాడు. మీ బావాబామ్మర్దులకు పడదని బజారంతా చెబుతుందే, ఆ వాలు అక్షరమంటే నీకు గిట్టదట కదా అన్నాడు. మా ఆయన బండ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. బొటనవేలితో వాలు కుప్పలోని ఒక అక్షరం మొహం తడిమాడు.

"మంచి అక్షరమే సాబ్. నడుస్తది."

అమీను నమ్మాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయనకు ఒక మనిషి కావాలి, దొరికాడు. మా ఆయన పై కండువా దులుపుకుని భుజాన వేసుకుని జవాన్ల మధ్య వీధిలోకి దిగాడు. ప్రెస్సుకు తాళం వేసి ముద్ర వేశారు. ఆయన నా తమ్ముణ్ణి అప్పగిస్తాడని అనుమానపడ్డ నేను ఆ తాళం ముందు కూలబడి, వీధిలో జనం చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చాను.

వానలు వెళ్లే రోజుల్లో పట్నంలో సర్కారు మారింది, జైళ్లు తెరిచారు. ఆయన తిరిగొచ్చాడు. సగం మనిషి అయ్యాడు. కుడిచేతి బొటనవేలు నలిగి, గోరు పోయి, మొద్దుబారింది. తాళం తీసిన రోజు కేసు ముందు నిలబడి ఒక్కో అక్షరమే తీసి తడిమాడు. చూపు ఎలాగూ లేదు, వేలికీ ఇప్పుడు ఏదీ తెలియడం లేదు. 'అ' తీసి ఇది 'అ'నేనా అని నన్ను అడిగాడు. నేను పెరట్లోకి వెళ్లిపోయి చాలాసేపటికి గానీ లోపలికి రాలేకపోయాను.

ఆ వారంలోనే తమ్ముడు కోదాడ నుంచి వచ్చాడు. కుంటుకుంటూ వచ్చి వాకిట్లోనే ఆగాడు. చేతిలో చిన్న గుడ్డమూట. బావకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"అక్కా, మీ వత్తులు లేవు. బావని తీసుకుపోయిన రోజు భయపడి పాలేటి వాగులో పారేశా. ఇవి నావి. వాలువి. బావకి ఏమని చెప్పేది?"

ఏమీ చెప్పొద్దని, లోపలికి రమ్మని సైగ చేశాను. తమ్ముడి కుంటి నడక చప్పుడు గుర్తుపట్టి మా ఆయన తల తిప్పాడు. తమ్ముడు మూట బండ మీద పెట్టి విప్పాడు. మా ఆయన అందులోంచి ఒకటి తీసి ఆ మొద్దు వేలితో అటూ ఇటూ తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"మనయేనా?" అని నన్ను అడిగాడు.

"మనయే."

"నిలబడ్డయా?"

"నిలబడ్డయి," అన్నాను. తమ్ముడు గోడ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు.

మా ఆయన తలూపి, ఖాళీ గడి ఎక్కడుందో వెతుక్కుని, వాటిని ఒక్కొక్కటే అందులో వేశాడు. తర్వాత, కూసో బామ్మర్దీ అన్నాడు. ఆ రోజు ఇద్దరికీ ఒకేచోట వడ్డించాను.

ఆ ప్రెస్సు ఇంకా చాలా ఏళ్లు నడిచింది. ఆయన చెబుతుంటే అక్షరాలు నేనే కూర్చేదాన్ని. మేము వేసిన పెళ్లికార్డుల్లో నిటారు అక్షరాల కింద ఒక వత్తు పక్కకు వాలి ఉండేది. ఎవరూ అడగలేదు. అచ్చయ్యాక అక్షరాలు విడదీసేటప్పుడు ఆ వాలు వత్తులను తీసి మా నిలువు అక్షరాల కేసులోనే వేసేదాన్ని. మొదట్లో ప్రతిసారీ నా చెయ్యి ఆ గడి మీద ఆగేది. తర్వాత అదే అలవాటైపోయింది.